సున్నపురాతి గుహలు: చూచినవారు, చూచిన తీరు

నందివెలుగు, తెనాలి ప్రాంతాలలో నేల అంతయు కృష్ణానది తెచ్చి పరచిన ఒండ్రుమట్టి. అక్కడ గుహలు లేవు. అయినను ఆ పొలాలకు పారే కాలువనీటిలో కంటికి కనబడని సున్నపురాయి కొంత కరగి ఉన్నది. ప్రకాశం బ్యారేజికి చేరకముందే కృష్ణ పలనాటి సున్నపురాతి నేలలను దాటి వచ్చును. ఆ నేలలపై కురిసిన వాన చంద్రవంక, నాగులేరు మొదలైన వాగుల ద్వారా నదిలో కలియును. నీటితో పోయిన రాయి దిగువకు వచ్చును. రాయి పోయినచోట మిగిలిన ఖాళీయే గుహ.

వాననీరు గాలిలోను, అంతకంటె ఎక్కువగా మట్టిలోను ఉండే బొగ్గుపులుసు గాలిని కలుపుకొని బలహీనమైన ఆమ్లమగును. అది రాతి పగుళ్లలో దిగి కాల్షియం కార్బొనేటును బైకార్బొనేటుగా మార్చి కరగించును. పగుళ్లు పెరిగి సొరంగములగును. తరువాత గుహ కప్పునుండి జారే బొట్టు తనలోని బొగ్గుపులుసు గాలిని కోల్పోగా, కరగిన రాయి మరల పేరుకొనును. కప్పునుండి వ్రేలాడునది స్టాలక్టైటు. నేలనుండి లేచునది స్టాలగ్మైటు. మూరెడు స్తంభం పెరుగుటకు సాధారణంగా వేల సంవత్సరాలు పట్టును. ఇటువంటి భూభాగాలకు స్లొవీనియాలోని క్రాస్ పీఠభూమిని బట్టి 'కార్స్ట్' అను పేరు వచ్చినది. 1893లో యోవాన్ స్వియిచ్ ప్రచురించిన గ్రంథంతో ఆ పేరు శాస్త్రంలో స్థిరపడినది.

మన గుహలకు మొదట విలువ ఇచ్చినవారు భక్తులు. పలనాటి గుత్తికొండ బిలంలో ముచికుందుడు నిద్రించెనని, అతని చూపుకు కాలయవనుడు భస్మమాయెనని, బ్రహ్మనాయుడు తుదకు ఆ బిలంలోనే ప్రవేశించెనని జనులు చెప్పుకొందురు. అనంతగిరి కొండలలోని బొర్రా గుహలకు మరొక కథ ఉన్నది. మేత మేయుచున్న ఆవు ఒక రంధ్రంలో పడిపోయినది. దానిని వెదకుచు దిగిన కాపరికి శివలింగం కనబడినది. ఈ కథను త్రోసివేయుటకు ముందు పరీక్షించి చూడవలెను. ఆవు పడిన రంధ్రం గుహ కప్పు కూలినచోటు కావచ్చును. లింగం స్టాలగ్మైటు. పొదుగువలె వ్రేలాడుచు నీటిబొట్లు రాల్చునది స్టాలక్టైటు. అక్కడి నదికి గోస్తని అని పేరుండుట గమనింపదగినది. కారణం తెలియకపోయినను కన్ను మాత్రం సరిగా చూచినది.

రెండవ చూపు శాస్త్రజ్ఞులది. బేతంచెర్ల సమీపంలోని బిల్లసర్గం గుహలలోని ఎముకలను గూర్చి కాప్టెన్ న్యూబోల్డ్ 1844లో ప్రకటించెను. నలుబది సంవత్సరాల తరువాత, హక్స్లీ ప్రేరణపై మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్ శ్రద్ధ వహించగా, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ త్రవ్వకాలు మొదలుపెట్టెను. ఆయన కుమారుడు హెన్రీ వాటిని కొనసాగించెను. దొరికిన శిలాజాలను పరిశీలించిన లిడెక్కర్ అందులోని ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టెను. ఇప్పుడు ఖడ్గమృగం మచ్చుకైనా లేని ఆ సీమలో ఒకప్పుడు అది తిరిగెనని గుహమట్టి సాక్ష్యం చెప్పినది.

మూడవ చూపు విహారయాత్రికులది. ఇది ఆలస్యంగా వచ్చినది. కొలిమిగుండ్ల సమీపంలోని బెలుం గుహలను 1982-83లో డేనియల్ గెబవర్ బృందం కొలిచినది. వాటి పొడవు 3,229 మీటర్లు. అంతటి గుహలో ఒకకాలమున చుట్టుపట్ల చెత్త పారబోసెడివారు. 2002లో దీపాలు, దారులు అమర్చి ప్రజల ప్రవేశానికి తెరచిరి. చెత్తగుంట దర్శనీయ స్థలమైనది. గుహ మారలేదు, చూచువారి కన్ను మారినది.

ఈ మూడు చూపులకు పోటీగా నాలుగవది ఉన్నది. సున్నపుబట్టీకి, సిమెంటు కర్మాగారానికి అదే రాయి సరకు. సున్నపు పరిశ్రమకు పేరుపడిన పిడుగురాళ్ల గుత్తికొండకు దూరం కాదు. బొర్రా పరిసరాలలో గనుల త్రవ్వకానికి ఇచ్చిన లీజుల వివాదం సుప్రీంకోర్టుకు చేరినది. షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు లీజుకు ఇయ్యరాదని 1997లో 'సమత' కేసులో తీర్పు వచ్చినది. ఆ తీర్పుకు ఆధారం గిరిజనుల భూమిహక్కు. గుహల సౌందర్యం కాదు. గుహ తన విలువవల్ల కాక, దానిపై నివసించే ప్రజల హక్కువల్ల రక్షణ పొందినది.

గుహకు స్వతహాగా ఉన్న విలువ ఏది? కొత్తవలస–కిరండోల్ రైలుమార్గం బొర్రా మీదుగా జగదల్‌పూరుకు పోవును. ఆ పట్టణానికి చేరువలో 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ వనంలో కుటుమ్‌సర్, దండక్ మొదలైన సున్నపురాతి గుహలున్నవి. దండక్ గుహలోని ఒక స్టాలగ్మైటును పొరపొరగా పరీక్షించి, క్రీ.శ. 600 నుండి 1500 వరకు అక్కడి నైరుతి ఋతుపవనాల హెచ్చుతగ్గులను శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. పొరలోని యురేనియం, థోరియముల నిష్పత్తి వయస్సును తెలుపును. ప్రాణవాయువు ఐసోటోపుల నిష్పత్తి వానల బలాన్ని సూచించును. పదునాల్గవ శతాబ్దంలో వానలు బలహీనపడిన కాలాలు అందులో కనబడినవి. శాసనాలు, కైఫీయతులు చెప్పని వర్షచరిత్రను రాయి దాచియుంచినది.

కనుక యాత్రలో విద్యార్థి విరచి జేబులో వేసికొను ముక్క వట్టి రాయి కాదు. మరొక ప్రతి లేని గ్రంథంలో చింపిన పుట. చేతిజిడ్డు అంటినచోట పెరుగుదల చెడును. దీపాల వెలుతురు పడినచోట పాచి పట్టును. కుటుమ్‌సర్‌ను వర్షకాలంలో మూసియుంచుదురు. విద్యార్థులను గుహకు తీసికొనిపోవు ఉపాధ్యాయుడు 'ఇది ఏనుగువలె ఉన్నది, అది ఋషివలె ఉన్నది' అని చూపుటతో ఆగరాదు. బొట్టు రాలుచున్న ఒక చోట నిలిపి, గడియారం చూచుచు బొట్లను లెక్కింపజేయవలెను. కొన్ని నిమిషాలలో ఎన్ని బొట్లు పడెనో, ఎంత రాయి పెరిగెనో ఆలోచించిన పిల్లవాడు ఆ స్తంభంపై చేయి వేయుటకు జంకును.