జాకార్డు అట్టలు – క్లౌడు లైబ్రరీలు

భివండి నుండి ఠాణాకు పోవు పాత మార్గమున కాల్హేరు కలదు. మరమగ్గముల చప్పుడును సరుకుల గిడ్డంగులును కలిసియున్న ఊరది. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలీలు భివండి ప్రాంతమున మరమగ్గములపై బ్రదుకు సాగించుట తెలుగువారెరిగినదే. మగ్గమును గిడ్డంగిని ఎరిగినవారికి నేటి క్లౌడు సేవల చరిత్ర సుబోధమగును.

ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జాకార్డు 1804 నాటికి రూపొందించిన యంత్రమున ఒక్కొక్క పేకపోగుకు ఒక్కొక్క అట్ట యుండును. రంధ్రమున్నచోట పడుగుపోగు పైకి లేచును. లేనిచోట క్రిందనే యుండును. డిజైను మార్చుటకు మగ్గమును మార్చనక్కరలేదు. అట్టలు మార్చిన చాలును. ఈ సూత్రమునే ఇంగ్లండున ఛార్లెస్ బాబేజి 1830 దశకమున తన గణనయంత్ర ప్రణాళికలో గ్రహించెను. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలయందు హెర్మన్ హొలెరిత్ రంధ్రముల అట్టలనే వినియోగించెను.

2006 మార్చి 14న అమెజాన్ సంస్థ ‘ఎస్3’ అను సేవను ప్రారంభించినది. ఇది సమాచారమునకు గిడ్డంగి, దాచినంతకు అద్దె. సరుకు దించుటకును తీయుటకును ఇంటర్నెట్టు ద్వారా చీటీ పంపవలెను. ఆ చీటీ నియమిత రూపమున నుండవలెను. రహస్య సంకేతముతో లెక్కగట్టిన సంతకము దానిపై నుండవలెను. ప్రతి ప్రోగ్రామరును ఈ పనిని మొదటినుండి వ్రాసికొనుట వృథాశ్రమ. ఆ శ్రమను తొలగించుటకై మిచ్ గార్నాట్ అను ప్రోగ్రామరు ఆ సంవత్సరముననే పైథాన్ భాషలో ‘బోటో’ అను లైబ్రరీని ఆరంభించి, దాని మూలమును అందరికిని విడిచిపెట్టెను. అమెజాన్ నదిలోని డాల్ఫినుకు బోటో యని పేరు.

2015లో దాని వారసురాలు ‘బోటో3’ వెలువడినది. దానికి ఆధారమైన ‘బోటోకోర్’ నందు ఒక్కొక్క సేవ వివరమును జేసన్ పత్రములుగా నుంచిరి. లైబ్రరీ ఆ పత్రములను చదివి తగిన ఆజ్ఞలను తానే కల్పించుకొనును. కొత్త సేవ వచ్చినపుడు చాలవరకు కొత్త పత్రము చేర్చిన చాలును. ఇది జాకార్డు సూత్రమే. తెగిన పోగును నేతగాడు ముడివేసినట్లు, సమాధానము రాని చీటీని మరల పంపు పనియు లైబ్రరీదే.

అయితే లైబ్రరీ స్వేచ్ఛగా దొరికినంతమాత్రమున గిడ్డంగి మన స్వాధీనమగునా? భివండిలో వ్యాపారి నూలిచ్చి, బట్ట గొనిపోయి, నేతకూలి యిచ్చు పద్ధతి కలదు. నైపుణ్యము నేతగానిది, సరుకు పరులది. ఇదియు నట్టిదే. ఒక సంస్థ లైబ్రరీతో అల్లిన ప్రోగ్రామును మరియొక సంస్థకు మార్చవలెనన్న పెక్కుభాగములు తిరిగి వ్రాయవలసివచ్చును. దీనికి విరుగుడుగా 2009లో క్లౌడ్‌కిక్ సంస్థవారు ‘లిబ్‌క్లౌడ్’ను ఆరంభించిరి. ఒకే తీరు ఆజ్ఞలతో పలు సంస్థల సేవలను పొందుట దాని ఆశయము. 2011లో అది అపాచీ ఫౌండేషనున పూర్తిస్థాయి ప్రాజెక్టు అయినది. కాని అన్ని సంస్థలకు ఉమ్మడియైన పనులకే యది చక్కగా నుపకరించును. ఒక్కొక్కరి ప్రత్యేక సౌకర్యములకు వేరు దారి పట్టవలసినదే.

అమెజాన్ క్లౌడు కేంద్రములు 2016లో ముంబాయిలోను, 2022లో హైదరాబాదులోను వెలసినవి. వలసపోయిన ఊరికిని విడిచివచ్చిన నాడుకును గిడ్డంగి దగ్గరైనది. తాళము మాత్రము పరులయొద్దనే యున్నది. ఈ లైబ్రరీల మూలమును చదువుటకు రుసుము లేదు. దిద్దుటకు అనుమతి కలదు. అట్టలు చదువనేర్చినవాడే మగ్గము మార్చుకొనగలడు. నేతగాని బిడ్డలకు ఈ విద్య నేర్పుట అందుకే అవసరము.