యంత్రం ఖాళీగానే ఉంది, మనిషే ఆగిపోయాడు

సంక్రాంతికి విశాఖ వెళ్లాలని రాయపూర్‌లోని ఒక తెలుగు కుటుంబం రిజర్వేషన్ కౌంటరు ముందు నిలబడిందనుకుందాం. గుమాస్తా మీట నొక్కాడు. తెర కదలలేదు. ఆలస్యం ఎక్కడ జరుగుతోంది?

రైల్వేలో ఈ ప్రశ్న క్రమంగా జటిలమైంది. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. తరువాత ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాద్ కేంద్రాలు వచ్చినా, దేనికదే విడిగా పనిచేసేది. వాటిని కలిపే 'కన్సర్ట్' వ్యవస్థను 1994లో మొట్టమొదట సికింద్రాబాద్‌లోనే నెలకొల్పారు. 1999 నాటికి అయిదూ ఒకే వలలో చేరాయి. అంటే మనం అడిగిన బెర్తు వివరం ఎక్కడో దూరపు కంప్యూటర్‌లో ఉండవచ్చు.

ఆ రోజుల్లో డేటాబేస్ వేగాన్ని ఎక్కువగా యంత్రాన్ని చూసే అంచనా వేసేవారు: ప్రాసెసర్ ఎంత పనిలో ఉంది, డిస్కును ఎన్నిసార్లు చదివింది అని. కాని ఒక బెర్తును ఇద్దరికి అమ్మకూడదు కనుక, ఒక గుమాస్తా పని ముగిసేదాకా ఆ రికార్డుకు తాళం పడుతుంది. రెండో గుమాస్తా ఆగాలి. యంత్రం ఖాళీగా ఉన్నా మనిషి ఆగిపోతాడు!

అందుకే దృష్టి 'సెషన్' మీదికి మళ్లింది. ఒక వినియోగదారు డేటాబేస్‌లో ప్రవేశించి బయటపడేవరకు సాగే సంబంధమే సెషన్. 1992లో వచ్చిన ఒరాకిల్ 7, ప్రతి సెషన్ దేనికోసం ఆగిందో చూపసాగింది. 2003లో ప్రకటించిన 10జి, పనిలో ఉన్న సెషన్లను సెకనుకొకసారి నమోదు చేసింది. బుకింగ్, రద్దు, విచారణ వంటి పనులను 'సర్వీసు'లుగా విడదీసి, దేనికెంత సమయం పడుతోందో కొలిచే వీలూ కల్పించింది.

దీని వెనుక గణితం పాతదే. టెలిఫోన్ కాల్స్ రద్దీపై ఎర్లాంగ్ 1909లోనే వ్యాసం ప్రచురించాడు. 1961లో జాన్ లిటిల్ ఒక సూత్రం నిరూపించాడు: లోపల ఉన్నవారి సంఖ్య, వచ్చే వేగాన్ని ఒక్కొక్కరికి పట్టే కాలంతో హెచ్చవేస్తే వస్తుంది. సెకనుకు ఒక టికెట్టు, టికెట్టుకు 3 సెకన్లు అయితే, సగటున 3 సెషన్లు పనిలో ఉంటాయి. టికెట్ల వేగం మారకుండా ఆ సంఖ్య 30 అయిందంటే, ఒక్కొక్కరికి 30 సెకన్లు పడుతోందన్నమాట.

2014 రైల్వే బడ్జెట్ ఇ-టికెట్ల సామర్థ్యాన్ని నిమిషానికి 2,000 నుంచి 7,200కు పెంచుతామంది. ఏకకాలంలో 1,20,000 మందికి చోటిస్తామంది. పెద్ద అంకెలే. అయితే కౌంటరు ముందు నిలబడ్డవారు ఎంతసేపు ఆగాలో ఆ అంకెలు చెప్పవు. దాన్ని విడిగా కొలవవలసిందే.