గుడ్డ రెక్కలు: మనిషి ఎగరడం నేర్చుకున్న చరిత్ర

మనిషికి రెక్కలు లేవు. అయినా ఎగరాలనే కోరిక మాత్రం ఎప్పటినుంచో ఉంది. రామాయణంలో సంపాతి, జటాయువు అనే అన్నదమ్ముల కథ మనందరికీ తెలుసు. ఇద్దరూ పందెం వేసుకుని సూర్యుడి దాకా ఎగిరినారు. తమ్ముడు ఎండకు సొమ్మసిల్లిపోతుంటే అన్న తన రెక్కలు అడ్డం పెట్టాడు. తమ్ముడు బతికినాడు. అన్న రెక్కలు కాలిపోయి కొండ మీద పడ్డాడు.

మా ఇంట్లో కథ తిరగబడింది. ఎగరాలని అంటున్నది మా అన్న. అడ్డం పడాల్సింది నేను.

అన్న అంటే మా పెదనాయన కొడుకు. హోసూరులో కంపెనీలో పని చేస్తున్నాడు. పోయిన ఏడాది స్నేహితులతో టూరు పోయినప్పుడు పారామోటారు ఎక్కి పది నిమిషాలు ఆకాశంలో తిరిగి వచ్చినాడు. పారామోటారు అంటే వీపుకు ఒక ఇంజను, దాని వెనక ఫ్యాను, నెత్తి మీద పెద్ద గుడ్డ రెక్క. అప్పటినుంచి అన్నకు వేరే మాట లేదు. నలుగురు కలిసి పాత మిషను ఒకటి కొంటామని, పొంగలి సెలవుల్లో మా పొన్నై ఏటి ఇసుకలో నేర్చుకుంటామని చెప్పినాడు. "నేర్పేవాళ్లు ఎవరన్నా?" అని అడిగితే, "ఎందుకురా, ఫోన్లో వీడియోలన్నీ ఉన్నాయి గదా" అన్నాడు.

అన్నకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. అదే వారం మా సాంఘికశాస్త్రం సార్ పదో తరగతి వాళ్లందరినీ ఏదైనా ఒక వస్తువు చరిత్ర రాసుకు రమ్మన్నారు. నేను దీన్ని తీసుకున్నాను. రాస్తే అన్న చదువుతాడని నా ఆశ.

ముందుగా జర్మనీ దేశపు ఓట్టో లిలియంథాల్ గురించి చెప్పాలి. ఆయన 1848లో పుట్టాడు. కొంగల రెక్కలను ఏళ్ల తరబడి చూసి, కొలిచి, 1889లో పక్షులు ఎగిరే తీరు మీద పుస్తకం రాశాడు. 1891 నుంచి కర్రలకు గుడ్డ కట్టిన రెక్కలతో గుట్టల మీదనుంచి పరుగెత్తి దూకి తేలేవాడు. బెర్లిన్ దగ్గర నేల చదునుగా ఉందని, తనకోసం 15 మీటర్ల మట్టి దిబ్బే పోయించుకున్నాడు. అయిదేళ్లలో సుమారు 2,000 సార్లు ఎగిరినాడు. ఆయన రెక్కకు చుక్కాని లాంటిది ఏదీ లేదు. కాళ్లు అటూ ఇటూ ఊపి, ఒంటి బరువుతోనే తిప్పుకోవాలి. 1896 ఆగస్టు 9న గాలి ఒక్కసారిగా ఎత్తి కొట్టింది. రెక్క ముక్కు పైకి లేచి నిలబడిపోయింది. కాళ్లు ఎంత ఊపినా దిగలేదు. 15 మీటర్ల ఎత్తునుంచి పడి, మరుసటి రోజు చనిపోయాడు.

ఇక్కడ నేను ఆగి ఆలోచించాను. 2,000 సార్లు ఎగిరిన మనిషికే గాలి చెప్పకుండా వచ్చింది. ఒక్కసారి వేరేవాళ్లు నడుపుతుంటే కూర్చుని వచ్చిన మా అన్నకు చెప్పి వస్తుందా?

లిలియంథాల్ చనిపోయిన వార్త అమెరికాలో సైకిళ్ల అంగడి నడిపే ఇద్దరు అన్నదమ్ములు చదివారు. వాళ్లే రైట్ సోదరులు. వాళ్లు నేరుగా ఇంజను కొనలేదు. 1900లో చేసిన రెక్కను ఎక్కువసార్లు తాడు కట్టి గాలిపటం లాగా ఎగరేసి చూశారు. 1901లో ఇంకోటి చేశారు. అది అనుకున్నట్టు రాకపోతే ఇంటికొచ్చి చిన్న చిన్న రెక్కలు చేసి, పెట్టెలో గాలి ఊది కొలిచారు. 1902లో మూడోది చేసి, ఇసుక దిబ్బల మీద వందల సార్లు తేలినారు. రెక్క తమ మాట వింటుందని నమ్మకం కుదిరిన తర్వాతనే మోటారు పెట్టారు. 1903 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. ఆ 12 సెకన్ల కోసం నాలుగేళ్లు ఆగినారు. మోటారు వాళ్లకు మొదటి పాఠం కాదు, చివరి పాఠం.

అంత జాగ్రత్త పడినవాళ్లకు కూడా 1908 సెప్టెంబరు 17న ప్రమాదం జరిగింది. ఆర్విల్ రైట్ నడుపుతున్న విమానంలో ఫ్యాను రెక్క విరిగింది. పక్కన కూర్చున్న లెఫ్టినెంట్ థామస్ సెల్ఫ్రిడ్జ్ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఇంజను విమానంలో చనిపోయిన మొదటి మనిషి ఆయనే. తలకు ఏమీ పెట్టుకోలేదు. ఆ తర్వాత అమెరికా సైన్యం పైలట్లు గట్టి టోపీలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఈరోజు హెల్మెట్ అంటే మనం పోలీసు ఫైను గుర్తు చేసుకుంటాం. దాని వెనక ఒక మనిషి ఉన్నాడు.

నన్ను ఎక్కువ బాధ పెట్టింది ఫ్రాంజ్ రీచెల్ట్ కథ. ఆయన పారిస్ నగరంలో టైలరు. తొడుక్కునే కోటు లాంటి పారాచూట్ కుట్టాడు. కొయ్యబొమ్మలకు తొడిగి మేడమీదనుంచి వేసి చూస్తే సరిగా పని చేయలేదు. ఎత్తు చాలలేదేమో అనుకున్నాడు. ఈఫిల్ టవర్ నుంచి బొమ్మను వేస్తానని పోలీసుల దగ్గర అనుమతి తెచ్చుకున్నాడు. 1912 ఫిబ్రవరి 4 పొద్దున వచ్చినాడు. బొమ్మ లేదు. తానే తొడుక్కుని వచ్చినాడు. స్నేహితులు వద్దన్నారు. వినలేదు. 57 మీటర్ల ఎత్తునుంచి దూకి అక్కడికక్కడే చనిపోయాడు. అదంతా సినిమా కెమెరాలో తీసినారు కూడా.

ఈ కథ గుడియాత్తంలో మా తాతకు చెప్పినాను. మా తాత లుంగీల మగ్గం నేసినవాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "గుడ్డ తప్పు కాదురా అబ్బోడా. గుడ్డ ముందే చెప్పింది, వాడు వినలేదు" అన్నాడు.

గుడ్డ రెక్క నిజంగా కుదిరింది చాలా కాలం తర్వాత. ఫ్రాన్సిస్ రొగాలో, ఆయన భార్య గెర్ట్రూడ్ కలిసి 1948లో కర్రలు లేని మెత్తటి రెక్క తయారుచేశారు. మొదటి నమూనాకు వంటింటి కర్టెన్ గుడ్డ వాడినారట. 1964లో డొమినా జాల్బర్ట్ అనే గాలిపటాల నిపుణుడు ఇంకో ఉపాయం చేశాడు. రెండు గుడ్డల మధ్య వరుసగా గదులు కుట్టి, ముందు వైపు నోళ్లు తెరిచి పెట్టాడు. ముందుకు పోతుంటే గాలి ఆ గదుల్లో నిండి గుడ్డే గట్టి రెక్క అవుతుంది. ఆగితే మళ్లీ ఉట్టి గుడ్డ. 1978లో ఫ్రాన్సులోని మియుస్సీ ఊరిలో ముగ్గురు పారాచూట్ క్రీడాకారులు, జాన్ క్లోడ్ బెతాంప్, ఆంద్రె బోన్, జెరార్ బోసన్, విమానం ఖర్చు తగ్గుతుందని కొండ వాలు మీద పరుగెత్తి అలాంటి పారాచూట్లతోనే ఎగిరినారు. దానినుంచే పారాగ్లైడింగ్ ఒక ఆటగా పెరిగింది. 1980ల్లో దానికి వీపు మోటారు కలిసింది. కొండ లేని ఊరివాళ్లు కూడా చదును నేలమీదనుంచి లేవడానికి వీలైంది.

మన దేశానికి కూడా ఈ ఆట వచ్చింది. మాకు దగ్గరలో ఏలగిరి కొండ మీద పారాగ్లైడింగ్ జరిగింది. ఆ కొండ 2019 దాకా మా వేలూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు తిరుపత్తూరు జిల్లా. హిమాచల్‌ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగ్‌లో 2015లో ప్రపంచ కప్ పోటీ పెట్టారు. 2016 ఫిబ్రవరి 1న మన వాయుసేన బృందం 'ప్రదక్షిణ' అనే పేరుతో కలైకుండా స్థావరం నుంచి పారామోటార్ల మీద బయలుదేరి, దేశం చుట్టూ 10,000 కిలోమీటర్లకు పైగా ఎగిరింది. ఇది చదివినప్పుడు నాకు కూడా ఒళ్లు పులకరించింది. అన్న ఆశ తప్పు అని నేను అనడం లేదు. వాళ్లు శిక్షణ తీసుకున్న సైనికులు, బృందంగా పోయినారు అని మాత్రమే అంటున్నాను.

ఈ చరిత్ర అంతా చదివి, ఇప్పుడు సరిగా నేర్పేవాళ్లు ఏ వరుసలో నేర్పుతారో చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. చనిపోయినవాళ్ల పాఠాలే ఆ వరుసలో ఉన్నాయి.

మొదట మోటారు ముట్టనివ్వరు. నేలమీద నిలబడి రెక్కను గాలిపటం లాగా నెత్తిమీద నిలపడం నేర్పుతారు. ఇది రైట్ సోదరుల పాఠం. రెక్క ఒక పక్కకు ఒరిగితే చూడకుండానే చేతికి తెలిసేదాకా అదే పని. ఎండలో నేల కాగినప్పుడు గాలి సుడులుగా లేస్తుంది కాబట్టి కొత్తవాళ్లను పొద్దున్నే, లేదా సాయంత్రం చల్లబడినాక మాత్రమే ఎగరనిస్తారు. ఇది లిలియంథాల్ పాఠం. హెల్మెట్ సెల్ఫ్రిడ్జ్ పాఠం. బెల్టుల్లో కాళ్ల పట్టీలు ముందు బిగించాలి. అవి మరిచి లేచినవాడు జారిపోతాడు. ఇంజను స్టార్టు చేసేటప్పుడు ఫ్యాను దగ్గర చేయి పెట్టకూడదు. ఈ ఆటలో చేతి వేళ్లు పోయేది ఎక్కువగా నేలమీదే. ఇంజను ఆగిపోయినా రెక్క మనల్ని మెల్లగా దించుతుంది. అందుకే ఎప్పుడూ దిగడానికి ఒక మైదానం కంటికి కనిపిస్తూ ఉండాలి. నీళ్ల మీద ఎగరకూడదు. పడితే ఇంజను బరువు, తాళ్లు కలిసి మనిషిని తేలనివ్వవు. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, వాటికి దూరంగా ఉండాలి. గాలికి ఎదురుగా లేవాలి, గాలికి ఎదురుగా దిగాలి.

ఇవన్నీ పెట్టుకుని మా ఏరు చూడ్డానికి ఒక ఆదివారం పోయినాను. చిత్తూరు పక్క నీవా అని పిలిచే ఏరే మాకు పొన్నై. దూరంనుంచి ఇసుక చదునుగానే ఉంది. దగ్గరికి పోతే గుంతలు. ఒక ఒడ్డున కొబ్బరి తోట, ఇంకో ఒడ్డున మోటార్లకు పోయే కరెంటు తీగలు. ఒక మూల నీళ్లు నిలిచి ఉన్నాయి. వల్లిమలై పక్కనుంచి గద్ద ఒకటి వచ్చి రెక్క కొట్టకుండా చుట్టూ తిరుగుతూ పైకి పోయింది. గద్దకు అది సంతోషం. దాన్ని అట్లా ఎత్తిన గాలే కొత్తగా నేర్చుకునేవాణ్ణి విసిరేస్తుంది. మాకు తూర్పున అరక్కోణంలో 1992 నుంచి నౌకాదళం విమాన స్థావరం ఉంది. ఆకాశం మన మిద్దె కాదు, ఇష్టం వచ్చినట్టు ఎక్కడానికి. మోటారు కట్టుకుని ఎగరడానికి పౌర విమానయాన శాఖ నియమాలు, అనుమతులు ఉన్నాయి.

అన్న పంపిన పాత రెక్క ఫోటోలు తాతకు చూపించినాను. ఈ గుడ్డలో కొన్ని పోగులకు ఒకసారి, నిలువుకూ అడ్డానికీ లావు పోగు వేస్తారు, చిరుగు ఆ గడిదాకా పోయి ఆగుతుంది అని చెప్పినాను. తాతకు వెంటనే అర్థమయింది. పడుగూ పేకా తెలిసినవాడు గదా. "ఎన్నేళ్లు ఎండలో ఉండింది?" అని అడిగినాడు. ఫోటోలో అది తెలియదు. నైలాను ఎండకు చచ్చిపోతుంది, పైకి రంగు బాగానే ఉన్నా పోగుల మధ్య గాలి కారిపోతుంది. అందుకే పాత రెక్కను తెలిసినవాళ్ల చేత గాలి కారే పరీక్ష చేయించకుండా కొనకూడదు. తాళ్లను కూడా లాగి చూడాలి. "చూడని నూలుకు బయానా ఇస్తారా ఎవరన్నా?" అన్నాడు తాత.

ఈ వ్యాసం మొదటి ప్రతిని అన్నకు ఫోటో తీసి పంపినాను. రెండు రోజులు జవాబు లేదు. కోపం వచ్చిందనుకున్నాను. మూడో రోజు రాత్రి ఫోను చేసినాడు.

"ఒరే, ఆ టైలరు బొమ్మలు పడిపోయింది చూసినాడు గదా. అయినా ఎందుకు దూకినాడు?"

నేను కొంచెంసేపు ఆలోచించి, "అందరికీ చెప్పేసినాడు గదన్నా. వెనక్కి పోవడానికి సిగ్గేసిందేమో" అన్నాను.

అన్న ఏమీ అనలేదు. పోయినవారం తెలిసింది, మిషనుకు బయానా ఇవ్వలేదట. ముందు మోటారు లేకుండా రెక్క నేర్పే శిక్షణ ఎక్కడుందో విచారిస్తున్నాడు. ఇద్దరు స్నేహితులు నవ్వినారట. నవ్వనీ.

మిత్రులారా, చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, తేదీలు అని నేను అనుకునేవాణ్ణి. ఎగరడం చరిత్రలో ప్రతి నియమం వెనకా పడిపోయిన ఒక మనిషి ఉన్నాడు. ఆ పాఠాన్ని మనం మళ్లీ పడి నేర్చుకోనక్కరలేదు. చదివితే చాలు. మా అన్న ఎగిరే రోజు వస్తే నేను కింద మైదానంలో నిలబడి గాలి ఎటు వీస్తుందో చూసి చెప్తాను. ఆ రోజు పొన్నై ఏట్లో మాత్రం కాదు.