ఉదయగిరి దారి: నాటి దండయాత్ర, నేటి వనయాత్ర

ఉదయగిరి యనగానే మనకు దుర్గమును, గజపతులును, కృష్ణదేవరాయలును జ్ఞప్తికి వత్తురు. గెలిచినదెవ్వరు, ఓడినదెవ్వరు అను సంగతి పెద్దలు పలుమాఱు వినియున్నారు. నేను నేడు వేఱొక సంగతి మనవి చేయదలచితిని. అంత పెద్దసేన ఆ రాతినేలలోని కెట్లు పోయినది? ఎట్లు విడిసినది? ఏ నీరు త్రాగినది? దారిలేనిచోట దారి నెట్లు కల్పించుకొన్నది?

ఇది గడచిపోయిన కథ మాత్రమే కాదు. నాలుగు చక్రములకును యంత్రబలము చేరెడి జీపులలో బియ్యమును, గుడారమును వేసికొని, నెల్లూరునుండి ఆత్మకూరు మీదుగా ఉదయగిరి కొండలదండకు పోయి రెండు రాత్రులు గడపి రావలెనని ఉత్సాహపడు యువకులు నేడు కలరు. వారు దారి యడుగునది మిమ్ములనే. కావున నాటి యేర్పాటులు నేటివారికెంతవఱకు పనికివచ్చునో మీతో కలసి యోచింతును.

మొదట నేలను చూతము. నెల్లూరుసీమకు వెలిగొండలు పడమటిగోడ. పెన్న ఆ కొండలను దాటి సోమశిలయొద్ద బయటపడి, ఆత్మకూరుసీమ మీదుగా తూర్పునకు పాఱును. ఏటియొడ్డు విడిచి ఉదయగిరివైపు సాగినకొలదిని మాగాణి తఱిగి మెట్టయు, ఱాయియు, కంపయు హెచ్చును. ఉదయగిరి కొండ యెత్తు 3,079 అడుగులు. ఒకవైపున ఇంచుమించు 1,000 అడుగుల నిలువుచఱియ గలదు. కొండపై 8, దిగువను 5, వెరసి 13 కోటలుండెడివి. ఎక్కుటకు వీలైన ప్రతిత్రోవకును అడ్డముగా కావలిగోడలు కట్టియుండిరి. ప్రకృతి సగము కోటను కట్టగా మనుష్యులు తక్కిన సగమును ముగించిరి.

ప్రతాపరుద్ర గజపతి యేలుబడిలోనున్న ఈ దుర్గమును కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి 1514లో పట్టుకొనెను. ముట్టడి యేడాదిన్నర సాగెనని నూనిజు అను పోర్చుగీసు వర్తకుడు వ్రాసియున్నాడు. రాయలతో 34,000 కాల్బలమును, 800 ఏనుగులును ఉండెననియు, కోటలో 10,000 కాల్బలమును, 400 గుఱ్ఱములును ఉండెననియు అతని లెక్క. అతడు విజయనగరమున నుండి వ్రాసినది ముట్టడి ముగిసిన యిరువది యేండ్లకు పిమ్మట. కనుక ఈ యంకెలను కరణముగారి చిట్టావలె నమ్మనక్కఱలేదు. కాని అతడు చెప్పిన ఒక్క సంగతి నేలను చూచినవారికి వెంటనే నమ్మకము గలిగించును. కోటను చేరు త్రోవ ఒక్కటేయట; అదియు ఒక్కొక్కరుగా నడువదగినంత యిఱుకుదట. ఆకలిచేత లొంగవలసినదే కాని అన్యథా లొంగని కోట యది. అట్టిచోట రాయలు పెద్దబండలను పగులగొట్టించి, ఆ యిఱుకుత్రోవను వెడల్పు చేయించి, మఱికొన్ని త్రోవలను కూడ వేయించి, సేనను బురుజుల చెంతకు చేర్చెను.

కోట చిక్కినపిమ్మట దుర్గాధిపతి తిరుమల రాహుతరాయలు పట్టువడెను. 1514 జూలై 6న రాయలు తిరుమలలో స్వామివారికి కానుకలు సమర్పించినట్లు శాసనములు గలవు. ఇచ్చటినుండి కొనిపోయిన బాలకృష్ణవిగ్రహమును 1515లో విజయనగరమున ప్రతిష్ఠించెను. రాజుపేరు శాసనమున నిలిచినది. చెఱపట్టబడినవాని పేరును నిలిచినది. ఎండలో సమ్మెటపట్టి బండలు పగులగొట్టినవారి పేరు ఒక్కటియు నేనెఱిగిన శాసనములలో లేదు. నా యభిప్రాయమున ఉదయగిరిని గెలిచినది ఏనుగులకంటె ముందుగా గునపములే. ఏనుగు వచ్చుటకు మునుపు త్రోవ రావలయును గదా!

ఇక నీటి సంగతి. 1520లో రాయలు రాయచూరుపై నడచినప్పటి యేర్పాటులను నూనిజు విపులముగా వర్ణించెను. తోలుతిత్తులతో నీరు మోయువారు 12,000 మంది దారిపొడుగునను నిలిచి, దప్పిగొన్నవారికి నీరందించెడివారట. అట్లయ్యును ఒకచోట మోకాలికి దిగువగా పాఱుచున్న యేఱు, సేనలో సగము దాటకమునుపే చుక్క మిగులక యెండిపోయెననియు, తక్కినవారు ఇసుకలో గుంతలు త్రవ్వి నీరు వెదకికొనిరనియు అతడు వ్రాసెను. పెన్నయొడ్డున చెలమలు త్రవ్వినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కఱలేదు. కంటికి కనబడిన నీరెల్ల అందఱికిని చాలునని తలచుట ఎంతటి సేనకైనను ముప్పే.

ఆ యాత్రలోనే మఱి మూడు ఏర్పాటులు గమనింపదగినవి. వేగులవారు సేనకు మూడు నాలుగు ఆమడలు ముందుగా పోయి దారి చూచి వచ్చెడివారు. ప్రతి దండనాయకుని వెంటను సరకులమ్ము వర్తకులుండెడివారు. విడిది నడుమనున్న రాజుగుడారము చుట్టును ముండ్లకంచె వేసి, ఒక్క వాకిలి మాత్రమే యుంచెడివారు. త్రోవ తెలియుట, తిండి యమర్చుట, విడిది కాచుకొనుట: ఈ మూడును నీటితో చేరి నాలుగు. వనయాత్రకును ఈ నాలుగే ఆధారము.

నేటి యువకులు జీపున్నది గదా యని ధైర్యము చెప్పుకొందురు. నాలుగు చక్రములును లాగినయెడల ఇసుకలోను, గులకఱాళ్లలోను బండి ముందుకు పోవుట నిజమే. కాని వాడిఱాయి చీల్చిన చక్రమును ఏ యంత్రబలమును అతుకజాలదు. కావున మాఱుచక్రమును, పారయు, మోకును, తలకింత యని లెక్కించిన నీరును బండిలో నుండవలెను. ఒక బండి దిగబడినచో లాగుటకు రెండవ బండి తోడుండుట మేలు. ఎండకాలము తగదు, ఆశ్వయుజ కార్తీకముల వానలలో వాగుగర్భమున గుడారము వేయుట మృత్యువును పిలుచుటయే. పుష్యమాఘములు మేలు. అడవిలో ప్రవేశించుటకు అటవీశాఖవారి యనుమతి ముందుగా పొందవలయును. నిప్పు రగిల్చి విడిచిపోరాదు. ఎఱ్ఱచందనపు పుల్లనైనను తాకరాదు.

ఒక్క విషయమున మాత్రము మనము రాయల దారి త్రొక్కరాదు. ఆయన బండను పగులగొట్టి త్రోవ చేసెను, అది యుద్ధము. మనము చూడబోవునది ఆ బండలను, ఆ గోడలను, శిథిలమైన రంగనాయకుల గుడిని, కొండమీది మసీదును. బండి పోలేనిచోట బండి నిలువవలయును. మనుష్యుడు దిగి నడువవలయును. ఒక్కొక్కరుగా నడచినప్పుడే ఆ దుర్గము ఏడాదిన్నర యెందుకు నిలిచెనో పాదములకు తెలియును.

పెద్దలారా! ఏ మిట్ట వెనుక ఊట గలదో, ఏ దొన ఏ మాసమున నెండునో, ఏ కాలిత్రోవ కొండ కెక్కునో మీరెఱుగుదురు. పటములలో ఈ పేర్లు పెక్కు లేవు. ఆనాడు త్రోవ చేసినవారి పేర్లు వ్రాయువారు లేక నశించినవి. ఈనాడు త్రోవలపేర్లును అట్లే నశింపనీయకుడు. దారి యడిగిన పిల్లలను కసరక, కూర్చుండబెట్టి చెప్పుడు. ఆ పేర్లు వారిచేతనే వ్రాయింపుడు. సేనకు ముందు నడచిన వేగులవారి పని నేడు మీది.