బుర్రకథలో వంత : సమూహ మనస్తత్వం – రాజకీయ ప్రయోజనం

జనరంజక కళ రాజకీయ చైతన్యాన్ని కలిగిస్తుందన్నది సాహిత్యచరిత్రలో తరచుగా వినిపించే మాట. ఆ చైతన్యం ఏ మార్గంలో కలుగుతుందన్న ప్రశ్నకు మాత్రం ఇతివృత్తాన్నే సమాధానంగా చూపడం పరిపాటి. 1940వ దశకంలో ప్రజానాట్యమండలి ప్రదర్శించిన బుర్రకథలను పరిశీలిస్తే, ప్రదర్శనరూపానికి కూడా ఇందులో ప్రధానపాత్ర ఉన్నదని స్పష్టమవుతుంది.

గుంపులో చేరిన వ్యక్తి వివేచన కోల్పోతాడని గుస్తావ్ లెబాన్ 1895లో సిద్ధాంతీకరించారు. మతకర్మలలో పుట్టే సామూహికోద్వేగమే సంఘీభావాన్ని నిలుపుతుందని ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో ప్రతిపాదించారు. బుర్రకథ ఈ రెండు సూత్రాలలో దేనికీ పూర్తిగా ఒదగదు.

జంగంకథ నుంచి పరిణమించిన ఈ ప్రక్రియలో తంబుర ధరించిన కథకుడు మధ్యన నిలుస్తాడు. ఇరుప్రక్కల గుమ్మెటలు వాయించే వంతలలో ఒకరు హాస్యానికి, మరొకరు రాజకీయానికి ప్రతినిధులు. కథకుడు వీరరసాన్ని పతాకస్థాయికి చేర్చినప్పుడు వంతపాట శ్రోతలందరినీ ఒకే లయలో బంధిస్తుంది. ఇది డర్క్‌హైమ్ చెప్పిన ఉద్వేగమే. మరుక్షణంలో రాజకీయపు వంత కథను ఆపి వర్తమాన సమస్యను ముందుకు తెస్తాడు. హాస్యపు వంత అమాయకంగా అడ్డుప్రశ్న వేస్తాడు. శ్రోత నవ్వుతూనే ఆవేశం నుంచి ఆలోచనకు మళ్ళుతాడు. లెబాన్ భయపడిన వివేచనాలోపానికి ఈ నిర్మాణమే అడ్డుకట్ట.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ శక్తిని ఉద్యమానికి వినియోగించింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ (1920–1997) పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి కథలతో ప్రసిద్ధులయ్యారు. ఒక కులానికి వృత్తిగా ఉన్న కళను ముస్లిం కుటుంబంలో పుట్టిన కళాకారుడు స్వీకరించి, తెలుగువారి ఉమ్మడి వీరస్మృతిని గానం చేయడం గమనార్హం. పరిచితమైన వీరగాథ శ్రోతలకు ‘మనం’ అన్న భావనను ఇస్తే, వంతల వ్యాఖ్య ఆ ‘మనం’ ఎవరి పక్షాన నిలవాలో అడిగింది.

అయితే రూపం స్వయంగా ఏ పక్షానికీ చెందదు. తరువాతి కాలంలో కుటుంబనియంత్రణ వంటి ప్రభుత్వ పథకాల ప్రచారానికి కూడా బుర్రకథ ఉపకరించింది. లయ, వేషం, వంతలు యథాతథంగానే ఉన్నాయి. కాని పాలకుల సందేశాన్ని చేరవేసే వేదికపై, పాలకులను ప్రశ్నించే వంత పాత్ర సహజంగానే కుంచించుకుపోతుంది.

కాబట్టి లయ జనాన్ని కూడగట్టగలదు. ఆ కూడిక పౌరచైతన్యంగా మారడం మాత్రం వంతకు దక్కిన ప్రశ్నించే అవకాశంపై ఆధారపడి ఉంటుంది. ప్రజాకళల రాజకీయ చరిత్రను కథకుడితోపాటు వంతల వైపు నుంచి కూడా పునఃపరిశీలించవలసిన ఆవశ్యకత ఉన్నది.