లోహపు సైనికుల బొమ్మల పోత

లోహపు సైనికుల బొమ్మల పోత అనగా తక్కువ వేడికే కరిగే లోహాలను అచ్చులలో పోసి, చిన్న సైనికుల బొమ్మలను ఇంటివద్దనే తయారుచేసుకొనే అభిరుచి. ఐరోపాలో వ్యాపించిన ఈ పనిలో పూర్వం సీసం, తగరం కలిపి వాడేవారు. సీసం పిల్లల ఆరోగ్యానికి హానికరమని తేలడంతో సీసం లేని తగరపు మిశ్రమాలు వాడుకలోకి వచ్చాయి.

చరిత్ర

18వ శతాబ్దంలో జర్మనీలోని న్యూరెంబర్గ్ నగరం పలుచని, చదునైన తగరపు సైనికుల బొమ్మలకు పేరుపొందింది. 1838లో డెన్మార్కు రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ప్రచురించిన తగరపు సైనికుని కథలో, ఒక పాత తగరపు చెంచాను కరిగించి 25 మంది సైనికులను పోస్తారు. లోహం చాలక చివరివానికి ఒకే కాలు వస్తుంది. పోతపనిలో ఇటువంటి లోపం నిజంగానే ఏర్పడుతుంది.

1893లో లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ సంస్థ డొల్ల బొమ్మలను ప్రవేశపెట్టింది. అచ్చు గోడల వద్ద లోహం గడ్డకట్టగానే లోపలి ద్రవాన్ని బయటకు వంపివేయడం ఈ పద్ధతి. దీనివలన లోహం ఆదా అయి, బొమ్మల ధర తగ్గింది.

తెలుగునాట

18వ శతాబ్దం చివరలో విశాఖపట్నం ప్రాంతంలో ఇత్తడితో సైనికుల బొమ్మలు పోసేవారు. తెలంగాణలోని ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు నేటికీ మైనపు నమూనాపై మట్టి పూసి, మైనాన్ని కరిగించి తీసివేసి, ఆ ఖాళీలో ఇత్తడిని పోస్తారు. ఈ కళను డోక్రా అంటారు. అయితే ఇత్తడి కరగడానికి సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కనుక అది కొలిమి పని. తగరం 232 డిగ్రీల వద్ద, సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతాయి. అందువలననే ఇంటి పోతకు ఇవి అనువైనవయ్యాయి. ఇత్తడి పాత్రలకు కళాయి పూసే లోహంగా తగరం తెలుగువారికి చిరపరిచితమే.

తయారీ విధానం

సిలికోన్ రబ్బరుతో చేసిన రెండు భాగాల అచ్చును వాడతారు. లోహం లోపలికి పోవడానికి ఒక రంధ్రం, గాలి బయటకు పోవడానికి సన్నని దారులు ఉంటాయి. అచ్చు లోపల టాల్కం పౌడరు చల్లి, రెండు భాగాలను గట్టిగా బిగిస్తారు. కరిగిన లోహంపై తేలే తెట్టును తీసివేసి, గరిటెతో ఆగకుండా పోస్తారు. లోహం గాని, అచ్చు గాని తగినంత వేడిగా లేకపోతే కత్తి, తుపాకి వంటి సన్నని భాగాలు నిండవు. చల్లారిన బొమ్మ అంచులను ఆకురాయితో సరిచేసి రంగులు వేస్తారు. సరిగా రాని బొమ్మను మళ్ళీ కరిగించవచ్చు.

జాగ్రత్తలు

కరిగిన లోహంలో నీటిచుక్క పడినా, అచ్చులో తడి ఉన్నా, నీరు ఒక్కసారిగా ఆవిరై లోహం ఎగజిమ్ముతుంది. కంటి అద్దాలు, తోలు చేతితొడుగులు, గాలి బాగా ఆడే చోటు తప్పనిసరి. పిల్లలు ఈ పనిని పెద్దల పర్యవేక్షణ లేకుండా చేయరాదు.

సీసపు ధూళి ఊపిరి ద్వారా, చేతులనుండి నోటి ద్వారా శరీరంలో చేరి పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. రక్తంలో సీసం ఇంత ఉంటే హాని లేదని చెప్పగల పరిమితి ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. పాత బ్యాటరీల నుండి తీసిన సీసాన్ని ఎన్నడూ ఇంటిలో కరిగించరాదు. వంటపాత్రలను పోతకు వాడకూడదు.

పాత బొమ్మల రంగులలోనూ సీసం ఉండేది. రంగుల విషయంలో ఏటికొప్పాక బొమ్మలు మంచి ఉదాహరణ. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని చోడవరం, ఏటికొప్పాక 2022 నుండి అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక బొమ్మలకు లక్కలో కలిపిన సహజ రంగులు పూస్తారు. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది.

భారతదేశంలో 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఆటబొమ్మలకు భారతీయ ప్రమాణాల ముద్ర తప్పనిసరి. ఆ ప్రమాణాలలో సీసం వంటి లోహాలకు పరిమితులు ఉన్నాయి. ఇంటిలో సొంతానికి పోసుకొన్న బొమ్మకు ఇటువంటి పరీక్ష ఉండదు కనుక సరైన లోహాన్ని, రంగును ఎంచుకొనే బాధ్యత పూర్తిగా తయారుచేసేవారిదే.