బోర్డులోని చిన్న మీట

ధర్మపురిలో మావాళ్ళకు దక్షిణాఫ్రికా అంటే గాంధీగారిని రైల్లోంచి దించేసిన దేశం. ఆ తర్వాత బంగారం, క్రికెట్. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునే మనలాంటి ఊరివాళ్ళకు నేను ఈ దేశం చరిత్ర చెప్పాలంటే యంత్రాలతో మొదలుపెడతాను.

కారూ అని ఇక్కడో ఎండుభూమి ఉంది. బొగ్గు కావలసినంత, నీళ్ళే లేవు. ఆవిరి ఇంజను నీళ్ళు తాగి గాల్లోకి వదిలేస్తుంది కదా, అక్కడ అది కుదరదు. 1953 నుంచి హెన్షెల్ అనే జర్మన్ కంపెనీ సాయంతో రూపొందించిన 25వ తరగతి ఇంజన్లు తెచ్చారు. మొత్తం తొంభై. వాడిన ఆవిరిని వెనకున్న టెండర్లో ఫ్యాన్లతో చల్లార్చి మళ్ళీ నీళ్ళు చేసేవి. ఇంజను కంటే ఆ టెండరే పొడుగు! నీళ్ళు బాగా ఆదా అయ్యాయి గానీ, పొగతో వచ్చే బొగ్గు నలుసులకు బ్లోయర్ రెక్కలు అరిగిపోయేవి. మరమ్మతులు భరించలేక చివరికి చాలావాటిని మామూలు ఇంజన్లుగా మార్చేశారు.

నాకు ఇంతకంటే ముఖ్యమైన కథ మీ మెయిన్ బోర్డులోనే ఉంది. 'టీ' అని రాసిన బొత్తాం నొక్కితే టక్కున పడిపోయే స్విచ్, అదే. వైర్ల మీద లోడు ఎక్కువైతే మామూలు ఎంసీబీ పడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదోవంతు చాలు, అంత చిన్న కరెంటు దానికి తెలియదు. అందుకే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకే ఇనుప వలయంలోంచి పంపుతారు. వెళ్ళినంతా తిరిగొస్తే వలయంలో అయస్కాంతత్వం ఏమీ మిగలదు. తడిచేత్తో గ్రైండరు ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కొంత నేలకు పోతే లెక్క తప్పుతుంది, స్విచ్ పడుతుంది.

ఈ సూత్రం ఐరోపాలో ముందే ఉంది. అయితే అప్పటి పరికరాలు మొద్దువి. జోహన్నెస్‌బర్గ్ పక్కనున్న ఆల్బర్టన్‌లో హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు 1955లో బంగారు గనుల కోసం 250 మిల్లీ ఆంపియర్లకు పడేది చేశాడు. మరుసటి ఏడే మాగ్నెటిక్ యాంప్లిఫయరుతో దాన్ని ఇరవై మిల్లీ ఆంపియర్ల లోపుకు దించి పేటెంటు తీసుకున్నాడు. గుండె ఎంత కరెంటును ఎంతసేపు తట్టుకుంటుందో అమెరికాలో చార్లెస్ డాల్జియెల్ తేల్చిన హద్దుల్లోపలే అది పనిచేసింది.

స్టిల్‌ఫోంటేన్ గని ఊళ్ళో ఒకావిడ ఇంట్లోనే షాక్ కొట్టి చనిపోయింది. ఆ తర్వాత 1957, 58ల్లో అక్కడి ఇళ్ళల్లో కొన్ని వందల పరికరాలు బిగించారు. 1974లో ఇళ్ళ ప్లగ్గులకు ఇది తప్పనిసరి అయింది. ఇక్కడి ఎలక్ట్రీషియన్లు దీన్ని ఇప్పటికీ 'ఎర్త్ లీకేజ్' అనే అంటారు.

ఏ ఇళ్ళు అని అడగాలి మరి. 1950 నాటి చట్టం రంగును బట్టి పేటలు విడదీసింది. గనిలోకి దిగే నల్లజాతి కూలీలు కాంపౌండ్లనే బసల్లో, వరస మంచాల మీద పడుకునేవారు. 1994లో అందరికీ ఓటు వచ్చేనాటికి దేశంలో సగానికి పైగా ఇళ్ళకు అసలు కరెంటే లేదు. కరెంటే లేని ఇంటికి స్విచ్ తప్పనిసరి చేసి ఏం లాభం?

ఆ దశాబ్దంలోనే పేదల ఇళ్ళకు లైన్లు లాగారు. వైరింగు లేని గదుల్లో గోడకు 'రెడీ బోర్డు' ఒకటి బిగించారు: ఒక బల్బు, రెండు మూడు ప్లగ్గులు, దగ్గర్లో ప్రీపెయిడ్ మీటరు. ఎర్త్ లీకేజ్ స్విచ్ కూడా ఆ బోర్డులోనే వచ్చింది. గని ఊరి ఇళ్ళకు చేరిన ముప్పై ఏళ్ళకు పైగా ఆగి!